పన్నెండు కిలోల సైకిల్

వరంగల్ వెళ్ళొచ్చి ఐదు నెలలు కావస్తోంది. మా గుంటూరు మిర్చి యార్డులో ఇప్పటికీ ఎవరో ఒకరు నా బల్ల దగ్గరికొచ్చి, మడత సైకిల్ కొనాలనుకుంటున్నాం, ఏది మంచిదంటారు అని అడుగుతూనే ఉన్నారు. ఒకప్పుడు ఆ ప్రశ్న వినబడితే చాలు, చేతిలో పని పక్కన పెట్టి గంటసేపు చెప్పేవాణ్ణి. ఇప్పుడు నాకు తెలియదంటున్నాను. నేను రామప్ప గుడి చూసొచ్చానని వాళ్ళకు తెలుసు. అక్కడ ఏం జరిగిందో తెలియదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు లేదు కనుక రాస్తున్నాను.

వరంగల్ మంచి ఊరు. వీలైతే వెళ్ళిరండి. నేను వెళ్ళినట్టు మాత్రం వెళ్ళకండి.

బయల్దేరే ముందు

నేను ఒక మిర్చి వ్యాపారి దగ్గర గుమాస్తాను. యాభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. షుగరు వచ్చిందని రెండేళ్ళ కిందట డాక్టరు నడవమంటే, నడక విసుగనిపించి సైకిల్ పట్టాను. పట్టినవాణ్ణి ఊరుకోకుండా సైకిళ్ళ గురించి కనబడినదల్లా చదివి, వీడియోలు చూసి, పెద్ద తెలిసినవాణ్ణయ్యాను.

కొమురయ్య వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ హమాలీ. పదహారేళ్ళ కిందట అక్కడి సరుకు లారీతో మొదటిసారి మా యార్డుకు వచ్చాడు. ఆ రోజు ఉన్నట్టుండి వాన పడింది. మా హమాలీలు అన్నాలకు వెళ్ళారు. బయట రెండు వందల బస్తాలు తడిసిపోతుంటే, ఆ సరుకుతో ఏ సంబంధమూ లేని ఈ మనిషి లారీలోంచి దూకి, తన పట్టా తీసుకొచ్చి నాతో పాటు కప్పాడు. ఎందుకు చేశావంటే, "మిరపకాయ తడుస్తాంటె సూస్త నిలవడుడు నాతోని గాదన్నా" అన్నాడు. అప్పటినుంచి గుంటూరు వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే భోజనం.

కొత్తవాడలో మూడో అంతస్తులో అద్దెకుంటాడు. కింద తాళం వేసి పెట్టిన సైకిల్ ఏడాదిలో రెండుసార్లు పోయింది. పైకి మోసుకుపోదామంటే ఆ ఇంటి మెట్లు ఇరుకు, మలుపు దగ్గర హ్యాండిల్ పట్టదు. ఈ సంగతి ఫోన్లో చెప్పినప్పుడు మడత సైకిల్ మాట ఎత్తింది నేనే.

రెండు రకాలు చూసిపెట్టాను. ఒకటి అల్యూమినియంది, పన్నెండు కిలోలు, మడిస్తే సూట్‌కేసంత అవుతుంది. రెండోది ఉక్కుది, పదహారున్నర కిలోలు. మడత కాస్త మోటుగా ఉంటుంది గానీ నడిమి కీలు నా మణికట్టంత లావు. ఫోటోలు పంపితే కొమురయ్య వెంటనే ఉక్కుది కావాలన్నాడు.

"పైకి మొయ్యాలి గదయ్యా, మూడంతస్తులు" అన్నాను.

"బస్తాలు మోసేటోనికి నాలుగు కిలోలు ఎక్కువైతేంది అన్నా. నేను లావు మనిషిని. నా కింద గట్టిగుండాలె."

"దీనిమీద వంద కిలోల దాకా ఎక్కొచ్చని రాశాడు. నువ్వు వంద ఉంటావా?"

"ఏమో. నన్ను నేనెప్పుడు జోకుకోలే."

సైకిల్ ఎవరు కొంటారో వాళ్ళ ఒడ్డూపొడుగూ చూడాలి, ఏ దారిలో తొక్కుతారో చూడాలి, రోజుకు ఎన్నిసార్లు ఎత్తాలో చూడాలి. ఇవన్నీ పదిమందికి చెప్పినవాణ్ణే. కొమురయ్య దగ్గరకొచ్చేసరికి వేరే లెక్క పని చేసింది. అతనికొకటి, నాకొకటి, రెండు సైకిళ్ళూ నేనే గుంటూరులో కొని, రైల్లో మోసుకుపోవాలి. ఒకే రకం రెండు తీసుకుంటే షాపువాడు ధర తగ్గిస్తానన్నాడు. చెరో చేత్తో పన్నెండు కిలోలంటే నా వల్లవుతుంది, పదహారున్నర కాదు. ఆ మాట మాత్రం అతనితో అనలేదు. తేలికది వాడిన తర్వాత నువ్వే నన్ను మెచ్చుకుంటావన్నాను.

"నీకు తెల్సు గద అన్నా, నీ ఇష్టం" అన్నాడు కొమురయ్య.

రైల్లో

ఫిబ్రవరి మొదట్లో బయల్దేరాను. రైల్లో ఒక సైకిల్ సీటు కిందికి దూరింది. రెండోది దూరక నా కాళ్ళ ముందు నిలబెట్టుకున్నాను. ఎదురుగా ఖమ్మం వెళ్తున్న ఒకావిడ చీరకు గొలుసు నూనె అంటింది. తెల్లచీర మీద వేలెడు నల్లమరక.

"ఇది పోతుందంటారా?" అని అడిగింది.

పోతుందన్నాను. పోదని ఇద్దరికీ తెలుసు. ఖమ్మంలో దిగేదాకా ఆవిడ ఆ మరకను మడతలో దాచుకుంటూనే కూర్చుంది, నన్ను ఒక్క మాటా అనలేదు. అప్పుడు నాకది పెద్ద ఇబ్బందిగా తోచింది.

వరంగల్ ప్లాట్‌ఫారం మీద రెండు సైకిళ్ళతో పదడుగులు వేసేసరికి చేతులు పీక్కుపోయాయి. కొమురయ్య ఎదురొచ్చి, రెండింటినీ కూరగాయల సంచుల్లా అందుకుని, మెట్లెక్కి వంతెన దాటి అవతల దిగాడు. నేను నా వీపు సంచీ ఒక్కటి మోస్తూ, రొప్పుతూ వెనక నడిచాను. అంత బలమైన మనిషికి తేలిక సైకిల్ ఎందుకు కొన్నానా అని అప్పుడైనా అనిపించాల్సింది. ఎంత తేలిగ్గా తీసుకుపోతున్నాడో చూడమని నన్ను నేనే మెచ్చుకున్నాను.

కొత్తవాడ

కొత్తవాడ సందుల్లో నడుస్తుంటే ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. దరీలు, మావైపు జంపఖానాలంటాం, అవి నేసే పేట అది. గోడల మీద, పిట్టగోడల మీద రంగు నూలు చిలపలు ఆరేసి ఉంటాయి. కొమురయ్య భార్య సరోజన అలాంటి ఒక ఇంట్లో కూలికి నేస్తుంది. నేను వెళ్ళేసరికి పనిలోంచి వచ్చి పొయ్యి దగ్గర ఉంది. వేళ్ళ సందుల్లో ఎర్ర రంగు ఇంకా పోలేదు.

"వచ్చిండ్రా అన్నా, కాళ్ళు కడుక్కోండ్రి" అంది.

సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకు అద్ది కాలుస్తారు. మావైపు తపేళా చెక్క అంటారు గానీ ఇంత కరకరలాడదు. మా గోంగూర ఇక్కడ పుంటికూర. మావైపు పచ్చడి చేసి జాడీకెత్తుతాం, ఆవిడ పప్పులో వేసి వండింది. పచ్చిపులుసు మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాను. కారం విషయంలో మాకెవరూ సాటిరారనుకునే గుంటూరు గర్వం ఆ పూట కొంచెం తగ్గింది.

భోజనాలయ్యాక సైకిల్ మడవడం, విప్పడం నేర్పాను. విప్పిన సైకిల్ మళ్ళీ మడతపడకుండా పట్టి ఉంచడానికి నడిమి కీలు దగ్గర ఒక క్లాంపు ఉంటుంది. అది టక్కుమని పడాలి. కొమురయ్య నాలుగుసార్లు చేసి నేర్చుకున్నాడు. సరోజన గడపలో నిలబడి చూసింది.

"నడుమ ఇరిగినట్టుంటదేంది?" అంది.

"అది విరగడం కాదమ్మా, మడత" అని నవ్వాను.

ఎనుమాముల

మర్నాడు పొద్దున్నే ఎనుమాములకు ఇద్దరం కొత్త సైకిళ్ళ మీద వెళ్ళాం. మిర్చి సీజను కావడంతో దారంతా ట్రాలీలే. మా గుంటూరుకు దీటైన యార్డు. ఒక సంగతి నాకు కొత్త. ఇక్కడ జెండా పాట ఉంటుంది. పొద్దున వ్యాపారులంతా ఒకచోట చేరి, మేలైన సరుకు ఒక కుప్పకు వేలం పాడతారు. అక్కడ పలికిన ధర ఆ రోజుకు పైధర. ఆ ధర విని రైతుల మొహాలు వెలుగుతాయి. తమ సరుకు దగ్గరికి వచ్చేసరికి అందులో ఎంత తగ్గుతుందో విని మళ్ళీ ఆరిపోతాయి. ఆ ఆరిపోవడం మావైపు కూడా చూస్తూనే ఉన్నాను. టమాటా పండులా గుండ్రంగా, ఎర్రగా ఉండే చపాటా మిర్చి కుప్పల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. దానికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ.

కొమురయ్య సైకిల్ చుట్టూ హమాలీలు మూగారు. తూకం వేసే రాజలింగం అనే ఆయన సైకిల్‌ని కాంటా మీద పెట్టాడు. పన్నెండు కిలోల మూడు వందల గ్రాములు.

"ఇగ నువ్వెక్కు" అన్నాడు కొమురయ్యతో.

కొమురయ్య చెప్పులిడిచి ఎక్కాడు. తొంభై ఒకటి.

"వందకు తొమ్మిది తక్కువ" అన్నాను. "చూశావా, నీకింకా తొమ్మిది కిలోలు మిగులుంది."

రాజలింగం సైకిల్ కీలు దగ్గర వంగి చూశాడు. వేలితో తట్టాడు. "సారూ, నేను ముప్పై ఏండ్లసంది జోకుతాన. కాంటా మీద రాసిన బరువు కాంటా కదలకుంట నిలవడ్డప్పటిది. ఇది రోడ్డు మీద ఎగుర్తది గద."

విమానాలు కూడా అల్యూమినియంతోనే చేస్తారన్నాను. అందరూ నవ్వారు. తిరిగి వస్తుంటే కొమురయ్య సైకిల్ కీలు దగ్గర గుంతల్లో టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చింది. కొత్త సైకిల్ అలాగే ఉంటుందని చెప్పాను.

ములుగు బస్సు

రామప్పకు వెళ్ళాలన్నది కొమురయ్య కోరిక. వరంగల్‌లో పుట్టి పెరిగి, యాభై మైళ్ళ లోపున్న ఆ గుడిని చిన్నప్పుడెప్పుడో ఒక్కసారి చూశాడు. మార్కెట్‌కు రెండు రోజులు సెలవు వస్తే బయల్దేరాం. ములుగు దాకా బస్సు, అక్కణ్ణుంచి సైకిళ్ళు.

హనుమకొండలో బస్సెక్కుతుంటే కండక్టరు ఆపాడు.

"గిదేంది? సైకిలా? బస్సుల సైకిల్ నడువది."

"సైకిల్ గాదు సార్, సామాను" అన్నాడు కొమురయ్య, మడిచి గోనెసంచిలో కట్టిన దాన్ని చూపిస్తూ.

"సామానుకు చక్రాలెందుకున్నయ్?"

బస్సు నిండా ఆడవాళ్ళే. ముందు సీట్లో ఒక ముసలావిడ తన కాళ్ళు జరుపుకుని, "ఈడ పెట్టు బిడ్డా. చక్రాలుంటె ఏమాయె, ఉరుకుతదా అది" అంది. కండక్టరు రెండు సామాను టికెట్లు కొట్టి వదిలేశాడు. మడత సైకిల్ వల్ల లాభం ఏమిటని అడిగితే నేను ఇప్పటికీ చెప్పగలిగింది అదొక్కటే.

ములుగులో టిఫిను చేశాం. నాలుగు ఇడ్లీలు ముప్పై రూపాయలు, పల్లీ చట్నీ పలుచగా, ధారాళంగా. అక్కడ సైకిళ్ళు విప్పి పెద్ద రోడ్డు మీద జంగాలపల్లి దాకా వెళ్ళి ఎడమకు తిరిగాం. రెండు పక్కలా మిరపతోటలు, తోటల్లో రంగురంగుల చీరలతో కాయ ఏరే కూలీలు. కొమురయ్య నాకంటే ముందు పోతూ పాట లాంటిదేదో పాడుకుంటున్నాడు. పదహారేళ్ళలో అతన్ని బస్తా లేకుండా చూసిన రోజు అదొక్కటే.

రామప్ప

గుడి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నల్లరాతి స్తంభాలు అద్దంలా మెరుస్తాయి. ఆ నంది ఏ వైపు నుంచి చూసినా మనల్నే చూస్తున్నట్టుంటుంది. గైడు గోపురం చూపించి, పైన వాడిన ఇటుకలు నీళ్ళలో వేస్తే తేలుతాయనీ, కట్టడం మీద బరువు పడకూడదని అలా చేశారనీ చెప్పాడు.

నాకు పట్టరాని సంతోషం కలిగింది. "విన్నావా కొమురయ్యా? తేలికవి ఎన్ని వందల ఏళ్ళు నిలబడ్డాయో."

కొమురయ్య గోపురం వైపు కాసేపు చూశాడు. "అవి పైనున్నయి గదన్నా. కింద రాయే పెట్టిండ్రు."

ఆ సాయంత్రం దగ్గర్లోనే ఉన్న ఊళ్ళో సరోజన అక్క లచ్చమ్మ ఇంటికి వెళ్ళాం. కోడికూర, జొన్నరొట్టెలు. పొద్దున బయల్దేరుతుంటే లచ్చమ్మ కొత్త కందులు చిన్న మూట కట్టి, "మా చెల్లెకియ్యుండ్రి, ఆరు కిలోలుంటయి" అని కొమురయ్య సైకిల్ వెనక క్యారియర్‌కు కట్టింది.

జంగాలపల్లి దారి

ఊరు దాటి రెండు కిలోమీటర్లు వచ్చేసరికి నా భుజాలు పట్టేశాయి. వీపు సంచిలో నా బట్టలు, రెండు తాళాలు, గాలి పంపు, పానాలు, నీళ్ళ సీసాలు, ఇంటికని గుడి దగ్గర కొన్న రాతి బొమ్మ ఒకటి ఉన్నాయి. తొమ్మిది కిలోలకు తక్కువుండదు. నా సైకిల్‌కు క్యారియర్ లేదు. ఇంకా తేలిగ్గా ఉండాలని నేనే బిగించుకోలేదు.

"కొమురయ్యా, ఈ సంచి కాస్త నీ వెనక కట్టుకోవా?"

అతను ఆగి, కాలు కింద పెట్టి, సంచిని చూశాడు. "సైకిల్ ఆగుతదా అన్నా?"

నేను గుమాస్తాను. పొద్దున లేచింది మొదలు బస్తాల బరువులు కూడడమే నా వృత్తి. తొంభై ఒకటికి ఆరు కలిపితే తొంభై ఏడు. దానికి తొమ్మిది. ఈ కూడిక నాకు రాదని ఎవరూ అనలేరు. "ఆగుతుంది, ఫరవాలేదు" అన్నాను. నా చేత్తోనే కందుల మూట మీద సంచి పెట్టి తాడు బిగించాను.

అక్కణ్ణుంచి ఒక కిలోమీటరు కూడా పోలేదు. కల్వర్టు దిగేచోట వాలు, కిందనే అడ్డంగా ఒక గుంత. కొమురయ్య బ్రేకు పట్టుకునే దిగుతున్నాడు. ముందు చక్రం గుంతలో పడింది. క్లాంపు ఊడిన చప్పుడు నాకు వెనకనుంచి స్పష్టంగా వినబడింది. సైకిల్ నడిమికి మడతపడిపోయింది. అతను హ్యాండిల్ మీదుగా ఎగిరి కుడి భుజం మీద పడ్డాడు.

లేచి కూర్చోబోయి, కుడిచెయ్యి కదలక, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని మళ్ళీ వెనక్కి ఒరిగాడు. భుజం దగ్గర చొక్కా కింద ఎముక పైకి పొడుచుకొచ్చినట్టు కనిపించింది. ఏం చెయ్యాలో తెలియక ముందు సైకిల్‌ని రోడ్డు పక్కకు లాగాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మిరపకాయ ఏరడానికి పోతున్న కూలీల ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. పది పన్నెండుమంది ఆడవాళ్ళు. వాళ్ళ పెద్ద, నడివయసావిడ, దిగి కొమురయ్య భుజం చూసి, తన తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి చెయ్యి మెడకు కట్టింది. సగంమంది దిగిపోయి నడిచి తోటకు పోతామన్నారు. మిగిలినవాళ్ళు అతన్ని పట్టుకు కూర్చోబెట్టారు. సైకిళ్ళు, మూట, సంచి ఎలా ఉన్నవి అలాగే పైకెక్కించారు. ఆ పూట కూలి వాళ్ళకు తెగుతుందని నాకు తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఆ పెద్దావిడ దారిలో విరిగిన సైకిల్ వైపు చూసి, "గింత లావు మనిషికి గీ ఆట సైకిల్ ఎవ్వలు గొనిచ్చిండ్రు?" అంది.

కొమురయ్య కళ్ళు మూసుకున్నాడు. నేను రోడ్డు వైపు చూశాను.

ములుగు దగ్గర పడుతుండగా అతను నన్ను దగ్గరికి పిలిచాడు. "అన్నా, నీ సంచి సంగతి సరోజనకు చెప్పకు. ఆమె ఒక్కపారి మనసుల పెట్టుకుంటె తియ్యది. మన దోస్తాని పోతది."

నొప్పితో పళ్ళు బిగించిన మనిషి నాకోసం ఆలోచిస్తున్నాడు. సరేనన్నాను. అతను అడిగాడు కనుక సరేనన్నానని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ మాట కోసమే నేను కాచుకుని ఉన్నాను.

పెద్ద దవాఖాన

ములుగులో కట్టు కట్టి, సైకిళ్ళు, సామానుతో సహా ఒక ఆటోలో వరంగల్ పంపించారు. మెడ పక్కనుండే ఎముక రెండు ముక్కలైంది. ఆపరేషను చేసి ప్లేటు వేశారు. అక్కడి డాక్టరు, నర్సులు బాగా చూశారు. ఏం పని చేస్తాడని డాక్టరు అడిగితే, బస్తాలు మోస్తాడని చెప్పాను. ఆయన కలం ఆపి నా వైపు చూశాడు.

"ఆర్నెల్లు బరువులొద్దు. తర్వాత కూడా ఆ భుజం మీద బస్తా ఎత్తకుంటే మంచిది."

కొమురయ్యకు ఆ మాట నేను చెప్పలేదు. సరోజన చెప్పింది. ఆమె బయటకొచ్చి వరండాలో గోడకానుకుని కూర్చుంది. మార్కెట్ నుంచి రాజలింగం, మరో నలుగురు హమాలీలు వచ్చారు. రాజలింగం నన్ను పలకరించి, చాయ్ తాగావా అని అడిగాడు. కాంటా దగ్గర తానన్న మాట గుర్తు చేస్తాడేమోనని రెండు రోజులు భయపడ్డాను. చెయ్యలేదు. చేసుంటే బాగుండేది.

మళ్ళీ కొత్తవాడ

ఆరో రోజు అతన్ని ఇంటికి తీసుకొచ్చాం. నాకు ఆ మధ్యాహ్నమే రైలు. సరోజన అన్నం వండి నాకు వడ్డించింది. కొమురయ్య గోడవారగా దిండ్ల మీద ఒరిగి ఉన్నాడు. మూలన రెండు ముక్కలుగా వేలాడుతున్న సైకిల్, దాని పక్కన నా సంచి ఉన్నాయి.

"ఎట్ల వడ్డడన్నా?" అని అడిగింది సరోజన. "ఆయిన సరిగ చెప్తలేడు. మీరు ఎనకనే ఉన్నరు గద."

కొమురయ్య నా వైపు చూడలేదు.

"గుంత ఉందమ్మా" అన్నాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. ఏదో ఒకటి చెప్పక తప్పదనిపించింది. "కందుల మూట కొంచెం బరువైనట్టుంది. సైకిల్ ఆగలేదు."

నోటినుంచి వచ్చాక గానీ ఆ మాట ఎంత నీచమైనదో తెలియలేదు. కందులు పంపింది ఆమె అక్క. పంపింది ఆమె కోసం.

సరోజన కూర గిన్నె కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"కందుల మీద మీ సంచి ఉన్నదన్నా. తాడు విప్పింది నేనే. మీరు డాక్టరు కాడ ఉన్నప్పుడు దవాఖాన గేటు కాడ ఆటోలకెంచి దించుకున్న. మూట కింద, సంచి మీద. సంచిల రాయి బొమ్మ సుత ఉండె."

కొమురయ్య, "సరోజనా, ఇడిసిపెట్టు" అన్నాడు.

"నేనేమన్న అంటున్ననా? బరువయితదని ఎరుకలేక పెట్టిండ్రనుకున్న. ఐదు దినాలసంది చూస్తాన, చెప్తరేమో అని. చెప్తె నేనేమంటును? అయ్యో పాపం, ఎరుక లేకపాయె అందును." ఆమె నా కంచం వైపు చూసింది. "మా అక్క మీద పెట్టిండ్రు గదన్నా."

అన్నం ముద్ద నోట్లో ఉంది. తప్పయిపోయింది చెల్లెమ్మా అన్నాననుకుంటాను. నిజంగా అన్నానో, అనాలనుకున్నానో ఇప్పుడు గుర్తులేదు.

"తినుండ్రి. రైలుకు యాళ్లయితాంది" అని ఆమె మంచినీళ్ళు తేవడానికి లేచింది.

కొమురయ్య ఎడమచెయ్యి చాపి నా మోకాలి మీద వేశాడు. "ఫికర్ చెయ్యకన్నా" అన్నాడు. ఆ ఓదార్పు తీసుకునే అర్హత నాకు లేదు. తీసుకున్నాను. సంచి తగిలించుకుని, నా సైకిల్ మడిచి, మూడంతస్తులూ దిగాను. పన్నెండు కిలోలు దిగడానికి చాలా హాయిగా ఉన్నాయి.

గుంటూరు

తిరిగొచ్చాక విరిగిన క్లాంపు ఫోటోలు సైకిల్ షాపు మెకానిక్‌కు చూపించాను. బరువొక్కటే కారణం కాకపోవచ్చు, క్లాంపు పూర్తిగా పడకపోయినా ఇలా అవుతుంది, తయారీలో లోపమైనా కావచ్చు అన్నాడు. నాకు మంచి చెయ్యాలనే అన్నాడు. ఆ రోజు పొద్దున రెండు సైకిళ్ళూ విప్పి క్లాంపులు వేసింది నేనేనని అతనికి తెలియదు.

ఆపరేషను ఖర్చులకు కొంత పంపితే సరోజన తిప్పి పంపింది. నా సైకిల్ అమ్మేశాను. కొన్నవాణ్ణి ఎంత బరువున్నావని, ఏం మోస్తావని పదిసార్లు అడిగితే విసుక్కున్నాడు.

కొమురయ్యకు పదిహేను రోజులకోసారి ఫోన్ చేస్తాను. అతనే ఎత్తుతాడు. సరోజన ఎలా ఉందంటే మంచిగున్నదంటాడు, ఫోన్ ఆమెకివ్వడు. ఇప్పుడు మార్కెట్‌లో బస్తాల మూతులు కుట్టే పనిలో పెట్టారట. కూర్చుని చేసే పని, కూలి సగం.

పోయిన వారం చేసినప్పుడు సైకిల్ కొన్నానన్నాడు. హనుమకొండలో ఎవరో వాడినది అమ్ముతుంటే తీసుకున్నాడట. ఏది అని అడిగాను. ఉక్కుది, మొదట తాను అడిగినదే.

"మస్తు గట్టిగున్నదన్నా. జర బరువుంటది, గంతే."

"ఆ భుజంతో పైకెలా తీసుకెళ్తున్నావ్?"

వెనక ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"సరోజన మోస్తది. పొద్దుగాల దించుతది, పొద్దుమీకి ఎక్కిస్తది" అని, మీ దగ్గర కోల్డ్ స్టోరేజీ సరుకు రేటెంత ఉందని అడిగాడు.

రేటు చెప్పాను.